సూర్యాపేట చెట్టుకల్లు

సూర్యాపేట ప్రాంతంలో కల్లు ముఖ్యంగా రెండు చెట్ల నుంచి వస్తుంది. చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరేకొద్దీ తాటికల్లు. ఒకటి తగ్గే వేళకు రెండోది అందుకుంటుంది కాబట్టి గౌడ కుటుంబాలకు గీత పని ఎడతెగకుండా సాగేది. విస్కీ, బ్రాందీ, బీరు ఈ ఊళ్ళలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు 'తాగొచ్చాడు' అంటే చాలావరకు కల్లు తాగొచ్చాడనే.

తాడిలో ఆడ, మగ వేర్వేరు చెట్లు. మగది పోతుతాడు, కాయ కాసేది పండుతాడు. రెండింటినీ గీస్తారు. గింజ మొలిచాక పూత రావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. పూత కనబడేదాకా అది పోతో పండో చెప్పలేరు. తాత కాలంలో గట్టున మొలిచిన చెట్టును మనవడు గీస్తాడు. అందుకే తాటిచెట్టును నరికితే పోయేది ఒక్క చెట్టు కాదు, రాబోయే యాభై అరవై ఏళ్ళ కల్లు.

చెట్టెక్కడానికి గౌడుకు ఉండేది మోకు, ముత్తాదు. ఈ రెండూ కలిసి మనిషిని చెట్టుకు పట్టి ఉంచుతాయి. నడుముకు కత్తులు, లొట్టి కట్టుకుని పైకి చేరాక చేసే పని బయటివాళ్ళకు చిన్నదిగా కనిపిస్తుంది: గెల కొసను పలచగా ఒక్క పొర చెక్కడం. నైపుణ్యమంతా ఆ పొరలోనే ఉంది. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, మొద్దు కత్తితో గీస్తే ధార సరిగా రాదు. పొద్దున, సాయంత్రం ఈ చెక్కుడు తప్పకూడదు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళి ఉన్నా ఎవరో ఒకరు చెట్టెక్కాల్సిందే.

గెల నుంచి కారేటప్పుడు ఆ రసంలో మత్తు ఉండదు, అది తియ్యటి నీరు. లొట్టిలో మిగిలిన పాత కల్లు తడి నుంచి, గాలి నుంచి ఈస్టు చేరగానే పులియడం మొదలవుతుంది. తెల్లవారుజామున దించినది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. మంచి కల్లులో ఆల్కహాల్ నాలుగు నుంచి ఆరు శాతం దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు బీరంత. బీరు కోసం ధాన్యాన్ని నానబెట్టి, మొలకెత్తించి, ఉడికించాలి. కల్లుకు అవేవీ అక్కర్లేదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా మిగులుతుంది.

పూట మారితే రుచి మారే పానీయాన్ని దూరం మోయలేరు. ఊరూరా ఒక కల్లు మండువ వెలవడానికి కారణం అదే. తాటాకును మడిచి రేక చేసి దోసిట పట్టుకుంటే పైనుంచి లొట్టి వంచి పోసేవారు. పక్కన గుడాలు, కారం వేసిన మాంసం తునకలు. ఊరి దేవతకు సాక పోసేది కల్లుతోనే. గౌడులకు కంఠమహేశ్వరుడు కులదైవం, ఆయన్నే కాటమయ్య అని కూడా పిలుస్తారు. ఏ రోజు చెట్టు మీద ఏమవుతుందో తెలియని వృత్తిలో ఉన్నవాళ్ళ భక్తి అది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చెట్టు గౌడు గీసినా, చెట్టు మీది హక్కు చాలా కాలం గౌడుది కాదు. నిజాం పాలనలో కల్లు, సారా ఆబ్కారీ శాఖ కింద ఉండేవి. ఫసలీ 1316లో, అంటే 1906–07 ప్రాంతంలో, వచ్చిన హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ఈ వ్యవస్థకు ఆధారం. ఉర్దూ కాగితాల్లో కల్లుకు సేంధి అని పేరు. భూమి శిస్తు తర్వాత సర్కారుకు పెద్ద రాబడి ఇచ్చినవాటిలో ఆబ్కారీ ఒకటి. దుకాణాలను వేలం వేసేవారు, పాట పాడిన గుత్తేదారు చేతికి చెట్లు పోయేవి, గౌడు కూలీగా మిగిలేవాడు. సూర్యాపేట అప్పుడున్న నల్లగొండ జిల్లాలోని దేశ్‌ముఖ్‌ల గడీలకు వెట్టిగా పోసిన కల్లు వేరే. ఒక్కో దొర కుటుంబానికి కొన్ని చెట్లు విడిగా ఉంచి, రోజూ ఆ కల్లు ఊరికే ఇవ్వాల్సి వచ్చేది. ఈ జిల్లా తాలూకాల్లో తెలంగాణ సాయుధ పోరాటం రాజుకున్నప్పుడు గౌడులు అంత పెద్దసంఖ్యలో అందులో చేరడానికి ఈ వెట్టి కూడా ఒక కారణం.

ఆ రోజుల్లోనే ఇంకో చిక్కు వచ్చింది. 1947–48లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని సాగిన ఉద్యమంలో, నిజాం రాబడికి గండికొట్టాలని కాంగ్రెస్ వాలంటీర్లు కల్లుచెట్లు నరికారు. రాజకీయంగా ఆ ఎత్తుగడకు అర్థముంది. గీసుకు బతికేవాడికి మాత్రం పడిపోయిన ప్రతి చెట్టూ ఒక పూట తిండి. ఈ నష్టం గురించి చరిత్ర పుస్తకాలు తగినంత రాయలేదు.

సూర్యాపేట కల్లు చరిత్రలో తప్పక చెప్పాల్సిన పేరు బొమ్మగాని ధర్మభిక్షం. 1922లో ఈ ఊళ్ళోనే గీత కుటుంబంలో పుట్టాడు. విద్యార్థుల కోసం ఇక్కడ హాస్టల్ నడిపాడు, నిజాం జైళ్ళు చూశాడు, 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు గెలిచాడు. గీత పనివారలకు సంఘం కట్టి, గీసేవాడిదే చెట్టు అన్న మాటను ఊరూరా వినిపించిన నాయకుడు ఆయన. 1991లో, 1996లో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. ఫ్లోరైడ్ నీటి మీద నిరసనగా జనం నామినేషన్లు వేయగా 480 మంది పోటీలో నిలిచిన ఎన్నిక ఆ 1996దే. 2011లో కన్నుమూశాడు.

ఆయన తరం పోరాటాల వల్లే గుత్తేదారు పట్టు సడలింది. గీత సహకార సంఘాలకు వేలం లేకుండా దుకాణాలు దక్కాయి. సంఘం లేనిచోట గీసేవాడే సొంతంగా లైసెన్సు తీసుకుని అమ్ముకునే పద్ధతి వచ్చింది. సంఘం ఉన్న ఊళ్ళో చెట్లు పంచుకోవడం, వంతులు, దుకాణం లెక్కలు అన్నీ గౌడులే చూసుకుంటారు. ఈ జిల్లా కల్లుకు జరిగిన మేలుల్లో ఇదే పెద్దది.

కోదాడ దాటితే అప్పటి కృష్ణా జిల్లా. అక్కడ మద్రాసు రాష్ట్రం నాటి మద్యనిషేధం ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా 1960ల చివరి దాకా కొనసాగింది. ఒకే రాష్ట్రంలో ఇటు కల్లు దుకాణం, అటు నిషేధం. తర్వాత దూబగుంట ఊరి ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా రాష్ట్రమంతటా ఆగిపోయింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997 దాకా నడిచింది. ఆ చట్టం కల్లును మినహాయించింది.

నిషేధం పోయాక బీరు, చీప్ లిక్కర్ బెల్టు షాపుల రూపంలో ప్రతి ఊరికీ చేరాయి. ఎండాకాలంలో తాటికల్లుకు నేరుగా పోటీ వచ్చింది బీరే. ఆ ఖాళీ బీరు సీసాల్లోనే మండువల్లో కల్లు పోసి అమ్మడం మామూలైంది. హైదరాబాద్‌లో ఇప్పుడు అక్కడికక్కడే కాచే క్రాఫ్ట్ బీరుకు ఆదరణ ఉంది. నిలవ చేయకుండా తాజాగా తాగడమే దాని గొప్ప అంటారు. చెట్టుకల్లుకు ఆ గుణం మొదటి నుంచీ ఉంది.

కల్లుకు అసలు చెడ్డపేరు తెచ్చింది కల్తీ. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ కలిపి అమ్ముతారు. జనం దాన్ని 'మందుకల్లు' అంటారు. దానికి అలవాటుపడినవాళ్ళకు ఒక్కసారిగా దొరక్కపోతే వణుకు, మతిభ్రమ, ఫిట్స్ వస్తాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్టెక్కి దించిన కల్లునూ ఈ మందునీళ్ళనూ ఒకే పేరుతో పిలవడం గీత కార్మికుడికి జరుగుతున్న అన్యాయం.

రోడ్ల వెడల్పుకు, ప్లాట్లకు తాటిచెట్లు పడిపోతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారంలో చెరువుకట్టల మీద ఈత, తాటి మొక్కలు నాటారు. 2021లో మద్యం దుకాణాల్లో 15 శాతం గౌడులకు కేటాయించారు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. వీటన్నిటికంటే గౌడు ప్రాణానికి దగ్గరి పథకం 2024 జులైలో వచ్చిన కాటమయ్య రక్షణ కవచం. మోకు జారినా మనిషి కింద పడకుండా పట్టుకునే తాళ్ళు, బెల్టులు ఉన్న కిట్టు అది. దాన్ని కట్టుకుని ఎక్కడం ముందు శిక్షణలో నేర్పుతారు. తరాలుగా మోకు, ముత్తాదుతోనే ఎక్కిన చెట్టు మీద గౌడుకు రెండో తాడు ఆసరాగా దొరికింది.