హార్డ్ డిస్క్ కవచం: పుట్టుపూర్వోత్తరాలు

అయస్కాంత పూత గల పళ్లేలను వేగంగా తిప్పుతూ వాటిపై సమాచారాన్ని రాసి, చదివే హార్డ్ డిస్క్ చరిత్ర యావత్తూ, ఆ పని చేసే హెడ్‌కూ పళ్లేనికీ నడుమ ఉండే సందు కుంచించుకుపోయిన చరిత్రే. సందు తగ్గిన కొద్దీ పళ్లెంలో పట్టే సమాచారం పెరిగింది. అంతకుముందు లెక్కలోకి రాని నలుసు కూడా ప్రమాదకరమైంది.

1956లో ఐబీఎం సంస్థ శాన్ హోసే ప్రయోగశాలలో రేనాల్డ్ జాన్సన్ బృందం రూపొందించిన రామాక్‌లో, 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు తిరిగేవి. హెడ్ పళ్లేన్ని తాకకుండా కంప్రెసర్ నుంచి గాలిని చిమ్మేవారు. సందు సుమారు 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. 1961 నాటి 1301 నమూనాలో, తిరిగే పళ్లెంతో పాటు కదిలే గాలిపొరే హెడ్‌ను తేల్చి నిలపడంతో కంప్రెసర్ అవసరం తప్పింది. మరుసటి ఏడు వచ్చిన 1311లో పళ్లేల దొంతరను ఊడదీసి మార్చుకునే వీలు కలిగింది గాని, మార్చిన ప్రతిసారీ గదిలోని ధూళి లోపలికి చొరబడే అవకాశమూ దానితోనే వచ్చింది.

దీనికి అసలైన పరిష్కారం 1973లో కెన్నెత్ హాటన్ నాయకత్వంలో వెలువడిన 3340, అనగా వించెస్టర్ డ్రైవ్. పళ్లేలనే గాక వాటి హెడ్‌లను కూడా ఒకే పెట్టెలో మూసివేయడం వల్ల, సందును అర మైక్రాను దరిదాపులకు తగ్గించినా ధూళి భయం లేకపోయింది. పైగా ఏ హెడ్ రాసినది ఆ హెడ్డే చదువుతుంది కనుక అమరికలో తేడాలూ తగ్గాయి. యంత్రం ఆగినప్పుడు హెడ్ తేలికపాటి ఒత్తిడితో, కందెన పూసిన పళ్లెం మీదే దిగేది.

అయితే ఈ పెట్టెలో శూన్యం ఉంటుందనుకోవడం పొరపాటు. ధూళిని మోసుకొచ్చే గాలే హెడ్‌ను మోసే ఆధారం కూడా కావడం ఈ నిర్మాణంలోని అసలు చిక్కు, దాన్ని విప్పిన తీరే ఇందులోని గొప్పతనం. వేడికి, వాతావరణ పీడనానికి లోపలి గాలి వ్యాకోచ సంకోచాలు చెందుతుంది గనుక పెట్టెకు చిన్న రంధ్రం పెట్టి, దానికి సన్నని వడపోతను అమర్చారు; లోపలే పుట్టే రజనును పట్టడానికి, పళ్లేల తిరుగుడుకు కదిలే గాలి దారిలో మరొక వడపోతను ఉంచారు. ఆ రంధ్రాన్ని మూయరాదని డ్రైవ్‌పై హెచ్చరిక ముద్రించేది ఇందుకే.

తరువాత పళ్లేలకు గట్టి కార్బన్ పూత, హెడ్ పళ్లేన్ని తాకకుండా పక్కకు తప్పుకుని నిలిచే వాలు, 2003లో ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో కదలికను పసిగట్టి హెడ్‌ను ముందే తప్పించే ఏర్పాటు వచ్చాయి. 2013లో హెచ్‌జీఎస్టీ సంస్థ, గాలి సాంద్రతలో ఏడో వంతు మాత్రమే ఉండే హీలియంను నింపిన డ్రైవ్‌లను మార్కెట్‌కు తెచ్చింది. అతి సన్నని సందుల్లోంచి కూడా జారిపోయే ఆ వాయువును నిలపడానికి మూతను పూర్తిగా అతికి, బయటి గాలికి తెరిచిన రంధ్రాన్నే తీసివేయవలసి వచ్చింది.