షెప్పర్టన్ పండ్ల డబ్బాల కంపెనీ: ఒక సహకార సంస్థ చరిత్ర (1917–2019)

వ్యవసాయాధారిత పరిశ్రమల చరిత్ర చదివేటప్పుడు పెట్టుబడి, యంత్రాలు, మార్కెట్ గురించి ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఈ పాఠ్యభాగంలో మరో అంశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అది చెట్టు కాపుకు రావడానికి పట్టే కాలం. పీచ్ చెట్టు నాటిన మూడు నాలుగేళ్లకు గానీ చెప్పుకోదగిన కాపు ఇవ్వదు. పియర్ చెట్టుకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. మార్కెట్‌లో ధర మాత్రం ఒక్క సంవత్సరంలోనే తలకిందులు కావచ్చు. ఈ రెండు కాలాల మధ్య ఉన్న తేడా ఒక కంపెనీని, దాని చుట్టూ ఉన్న రైతులను వందేళ్లపాటు ఎలా ఇబ్బంది పెట్టిందో ఆస్ట్రేలియాలోని ఎస్.పి.సి. చరిత్రలో స్పష్టంగా చూడవచ్చు.

నీరు, తోటలు, రైతుల కంపెనీ

షెప్పర్టన్ పట్టణం విక్టోరియా రాష్ట్రంలో మెల్‌బోర్న్‌కు ఉత్తరంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, గోల్‌బర్న్ నది ఒడ్డున ఉంది. అక్కడ వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. 1891లో గోల్‌బర్న్ ఆనకట్ట పూర్తయి కాలువల ద్వారా నీరు అందడం మొదలైన తరువాత గోధుమ, గొర్రెల మీద ఆధారపడిన ఆ ప్రాంతంలో పీచ్, పియర్, ఆప్రికాట్ తోటలు విస్తరించాయి.

తోటలు పెరిగాక కొత్త సమస్య వచ్చింది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం కాబట్టి అక్కడ పండ్ల కోత జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాగుతుంది. పంట మొత్తం ఆ కొద్ది వారాల్లోనే చేతికొస్తుంది. పండిన పీచ్ నాలుగైదు రోజులకు మించి నిలవదు. కొనేవాడు ఎంతంటే అంతకు ఇచ్చెయ్యాలి, లేదా తోటలోనే కుళ్లబెట్టుకోవాలి. ఈ పరిస్థితి నుంచి బయటపడటానికి రైతులు 1917లో వాటాలు వేసుకుని సహకార పద్ధతిలో షెప్పర్టన్ ఫ్రూట్ ప్రిజర్వింగ్ కంపెనీని స్థాపించారు. ఎస్.పి.సి. అనే పొడి అక్షరాలతోనే అది ప్రసిద్ధి చెందింది. 1921లో నదికి అవతలి వైపున ఉన్న మూరూప్నాలో ఆర్డ్‌మోనా పేరుతో ఇంకో సహకార సంస్థ ఏర్పడింది. రెండింటి మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. అయినా ఎనభై ఏళ్లపాటు అవి పోటీదారులుగానే ఉన్నాయి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలుసుకోవాలి. డబ్బాలో నింపే పీచ్, మనం కొనుక్కుని తినే పీచ్ ఒకే రకం కావు. డబ్బా రకంలో కండ గింజను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, ఉడికించినా చెదిరిపోదు. అందుకే ఫ్యాక్టరీకి అది కావాలి. పచ్చిపండుగా మాత్రం దానికి గిరాకీ తక్కువ. అంటే ఆ రకం చెట్లు నాటిన రైతు ఇరవై ఏళ్లపాటు ఒకే కొనుగోలుదారుకు కట్టుబడినట్లే. టమాటా సంగతి వేరు. అది ఏడాది పంట. ఈ ఏడు ధర బాగా లేకపోతే వచ్చే ఏడు రైతు మరో పంట వేసుకోగలడు. ఒకే కంపెనీకి సరుకు ఇచ్చే ఇద్దరు రైతుల కష్టం ఒకటి కాకపోవడానికి ఈ తేడాయే కారణం.

లండన్ మీద ఆధారం

ఆస్ట్రేలియా జనాభా తక్కువ. డబ్బాలు మాత్రం లక్షల్లో తయారయ్యేవి. వాటిని ఎక్కువగా కొన్నది బ్రిటన్. 1926లో ఫెడరల్ ప్రభుత్వం డబ్బా పండ్ల ఎగుమతిని నియంత్రించడానికి చట్టం చేసింది. 1932లో ఒటావా సమావేశం తరువాత సామ్రాజ్య దేశాల సరుకుకు బ్రిటన్‌లో సుంకాల విషయంలో ప్రాధాన్యం దక్కింది. పాకం కోసం వాడే పంచదార ఆస్ట్రేలియాలో ప్రపంచ ధర కంటే ప్రియంగా ఉండేది, ఎందుకంటే క్వీన్స్‌లాండ్ చెరకు రైతులను కాపాడటానికి పంచదార దిగుమతిని నిషేధించారు. ఆ భారాన్ని తగ్గించడానికి 1931 నుంచి పండ్ల పరిశ్రమకు పంచదార మీద రాయితీ ఇచ్చారు. ఒక రైతును కాపాడటానికి పెంచిన ధర నుంచి ఇంకో రైతును కాపాడటానికి రాయితీ! పరిశ్రమ తన కాళ్ల మీద తాను నిలబడిందని చెప్పే పుస్తకాలు ఈ వివరాన్ని సాధారణంగా దాటవేస్తాయి.

ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ల గురించి కూడా చెప్పుకోవాలి. పండ్లను రెండుగా కోయడం, గింజ తీయడం, డబ్బాల్లో పేర్చడం వంటి పనులు ఎక్కువగా ఆడవాళ్లవే. పని కోతకాలంలోనే ఉండేది. 1939లో కమ్మెరగుంజా రిజర్వు నిర్వహణకు నిరసనగా యోర్టా యోర్టా ఆదివాసులు మర్రే నది దాటి విక్టోరియాలోకి నడిచి వచ్చేశారు. వారిలో చాలామంది షెప్పర్టన్, మూరూప్నాల మధ్య ‘ఫ్లాట్స్’ అనే వరద భూముల్లో గుడిసెలు వేసుకుని ఉంటూ పండ్లు కోశారు, ఫ్యాక్టరీల్లో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇటలీ, గ్రీస్, టర్కీల నుంచి వలస కుటుంబాలు వచ్చాయి. ఇటాలియన్ కుటుంబాలు పండ్ల తోటల్లోనూ టమాటా సాగులోనూ స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో ఈ కంపెనీ టమాటా డబ్బాకు పెద్ద పోటీగా వచ్చింది ఇటలీ డబ్బాయే కావడం గమనించదగ్గది.

1973 జనవరి 1న బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. ఆస్ట్రేలియా పండ్లకు ఉన్న ప్రాధాన్యం పోయింది. ఆ దెబ్బ తగలబోతోందని ముందే తెలుసు. అందువల్ల 1972లోనే ప్రభుత్వం చెట్లు పీకేసే రైతులకు సాయం ఇచ్చే పథకం పెట్టింది. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచిన తోటలను రైతులు స్వయంగా తొలగించుకున్నారు.

కార్మికుల ఓటు, తరువాతి కలయికలు

1990 నాటికి ఎస్.పి.సి. నష్టాల్లో కూరుకుపోయింది. మూసివేత తప్పదన్న పరిస్థితిలో కార్మికులు అదనపు వేతనాలు, కొన్ని సౌకర్యాలు వదులుకోవడానికి ఓటు వేశారు. కార్మిక సంఘాల నాయకత్వం దీన్ని వ్యతిరేకించింది. ఒక్కచోట దేశవ్యాప్త వేతన ఒప్పందం కన్నా తక్కువకు ఒప్పుకుంటే రేపు ప్రతి యజమానీ అదే అడుగుతాడన్నది వారి వాదన. షెప్పర్టన్ కార్మికుల జవాబు సూటిగా ఉంది: ఫ్యాక్టరీ మూతపడితే ఒప్పందం ఎవరికి? చివరకు రాజీ కుదిరింది, కంపెనీ బతికింది. ఈ ఘటనలో ఒక పక్షం తెలివితక్కువది, ఇంకో పక్షం తెలివైనది అని తీర్పు చెప్పడం తొందరపాటు. ఇద్దరి భయానికీ ఆధారం ఉంది.

2002లో ఎస్.పి.సి., ఆర్డ్‌మోనా ఒకటయ్యాయి. 2005లో కోకకోలా అమాటిల్ అనే శీతల పానీయాల సంస్థ ఆ కంపెనీని కొనేసింది. రైతులు వాటాదారులుగా మొదలైన సంస్థలో ఇప్పుడు రైతు కేవలం సరుకు అమ్మేవాడు.

2013–14 సంక్షోభం

2010 తరువాత ఖనిజాల ఎగుమతుల వల్ల ఆస్ట్రేలియా డాలరు విలువ బాగా పెరిగి, కొంతకాలం అమెరికా డాలరును కూడా దాటింది. దాంతో దిగుమతి సరుకు చవకైంది. దేశంలో కిరాణా వ్యాపారంలో అధికభాగం రెండు సూపర్‌మార్కెట్ సంస్థల చేతిలో ఉంది. అవి సొంత పేరుతో అమ్మే డబ్బాల్లో దక్షిణాఫ్రికా పీచ్‌లు, ఇటలీ టమాటాలు నింపించాయి. ధరలో ఎస్.పి.సి. వాటితో పోటీపడలేకపోయింది. 2011లో మూరూప్నా ఫ్యాక్టరీని మూసివేస్తున్నట్లు ప్రకటించారు. 2013లో రైతుల నుంచి కొనే పండ్లను బాగా తగ్గించారు. ఒప్పందం పోయిన రైతు తన పీచ్ పండ్లను ఎవరికి అమ్మాలి? పైన చెప్పుకున్న కారణం చేత జవాబు లేదు. మళ్లీ యంత్రాలు తోటల్లోకి వచ్చి చెట్లను కూల్చాయి.

కంపెనీ రెండు దారులు వెతికింది. మొదటిది, దిగుమతులు పెరిగి దేశీయ పరిశ్రమ దెబ్బతిన్నప్పుడు తాత్కాలికంగా వేసే రక్షణ సుంకం. దీన్ని పరిశీలించిన ప్రొడక్టివిటీ కమిషన్ పండ్ల విషయంలోనూ టమాటా విషయంలోనూ అలాంటి చర్య అవసరం లేదని 2013లో తేల్చింది. రెండోది, డంపింగ్ వ్యతిరేక సుంకం. తన దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు విదేశంలో అమ్మితే దాన్ని డంపింగ్ అంటారని మీకు తెలుసు. ఈ దారిలో కొంత ఫలితం వచ్చింది: 2014 ఏప్రిల్‌లో ఇటలీ టమాటా ఎగుమతిదారులలో రెండు పెద్ద సంస్థలు మినహా మిగిలినవారి సరుకు మీద సుంకం వేశారు. గమనించండి, ఆ ఊరట టమాటాకే, చెట్లకు కాదు.

ఈలోగా ఫ్యాక్టరీ ఆధునికీకరణకు 2.5 కోట్ల డాలర్లు ఇవ్వాలని ఫెడరల్ ప్రభుత్వాన్ని కోరారు. 2014 జనవరిలో ప్రధాని టోనీ అబాట్ ప్రభుత్వం నిరాకరించింది. లాభాల్లో ఉన్న మాతృసంస్థ తన సొంత డబ్బు పెట్టుకోవాలని, కార్మికులకు ఇస్తున్న సౌకర్యాలు మరీ ఎక్కువగా ఉన్నాయని అంది. ఆ ప్రాంతం నుంచి గెలిచిన అధికార లిబరల్ పార్టీ సభ్యురాలు షార్మన్ స్టోన్, కార్మికుల గురించి చెప్పినది అబద్ధమని బహిరంగంగా ఖండించారు. పార్లమెంటరీ రాజకీయాల్లో ఇది అరుదైన విషయం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం దేశమంతటా ప్రజలు ఎస్.పి.సి. డబ్బాలు కొని తిని కంపెనీకి మద్దతు తెలిపారు. అదే నెలలో విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం 2.2 కోట్ల డాలర్లు ఇస్తానంది. కోకకోలా అమాటిల్ 7.8 కోట్లు పెడతానంది. మొత్తం పది కోట్లు. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ ఐదేళ్ల కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుంది. చెట్లను అప్పటికే తీసేసిన రైతులకు మాత్రం ఈ డబ్బు ఆలస్యమైంది. అప్పుడు కొత్త మొక్క నాటినా కాపుకు 2017 లేదా 2018 వరకు ఆగాలి.

2019 జూన్‌లో కోకకోలా అమాటిల్ ఎస్.పి.సి.ని షెప్పర్టన్ పార్ట్‌నర్స్ కలెక్టివ్ అనే పెట్టుబడిదారుల బృందానికి అమ్మేసింది. ధర 4 కోట్ల డాలర్లు, అంటే ఐదేళ్ల క్రితం దాని మరమ్మతుకు ప్రకటించిన మొత్తంలో సగం కన్నా తక్కువ.