రెండో జత ఎడ్లు

వానాకాలం మా కోటబొమ్మాళి వైపు బురదలో బండి దిగబడితే మరో జత ఎడ్లను కట్టేవాళ్ళు. యూరప్ మంచు దారుల్లో ఆల్ వీల్ డ్రైవ్ కార్లు చేసే పనీ అదే. మామూలు కారుని రెండు చక్రాలే లాగుతాయి, మంచు మీద అవి ఊరికే తిరుగుతాయి. అదే బలం నాలుగింటికీ పంచితే ఒక్కో చక్రం లాగాల్సిన వంతు తగ్గి, పట్టు దొరుకుతుంది.

1976-77 చలికాలంలో ఆడి ఇంజినీర్లు ఫిన్లాండ్‌లో పరీక్షలు చేస్తుంటే, 75 హార్స్‌పవర్ ఇల్టిస్ సైనిక జీపు అంతకన్నా బలమైన కార్లను మంచులో వెనక్కి నెట్టేసింది. యోర్గ్ బెన్సింగర్ ఆ కిటుకు పట్టుకున్నాడు. 1978 జనవరిలో నమూనా కారు ఆల్ప్స్ కొండదారిని వేసవి టైర్లతోనే, గొలుసులు లేకుండా ఎక్కేసింది. 1980 మార్చిలో జెనీవాలో క్వాట్రో వచ్చింది.

చాలామంది ఈ కథని ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం 1966 నాటి బ్రిటిష్ కారు జెన్సెన్ ఎఫ్ఎఫ్ ముఖ్యం. 320 మాత్రమే తయారైన ఆ కార్లలో నాలుగు చక్రాల డ్రైవ్‌తో పాటు, విమానాల కోసం పుట్టిన యాంటీలాక్ బ్రేకు కూడా పెట్టారు. కదలడం వేరు, ఆగడం వేరని వాళ్ళకి అప్పుడే తెలుసు.

బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. అక్కడ ఆల్ వీల్ డ్రైవ్ అదనంగా ఇచ్చేదేమీ లేదు, పట్టంతా టైరుదే. అందుకే జర్మనీలో 2010 నుంచి మంచు దారుల్లో చలికాలపు టైర్లు తప్పనిసరి, కారు ఏదైనా సరే. సులువుగా బయల్దేరిన కారు సులువుగా ఆగుతుందనుకోవడమే అసలు ప్రమాదం. అక్కడికి చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళే మనవాళ్ళు కారు కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న టైర్ల గురించి.