గుర్తు పక్కన గుర్తు

తొలి సార్వత్రిక ఎన్నికల్లో మా తాత ఓటేసిన కాగితం మీద ఎవరి పేరూ లేదు, ఏ బొమ్మా లేదు. రూపాయి నోటంత ముక్క, అంతే. బొమ్మలన్నీ పెట్టెల మీద ఉండేవి. అభ్యర్థికో పెట్టె, పెట్టెకో గుర్తు. తెర వెనక్కి వెళ్లి, నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావాలి. దేశంలో నూటికి 18 మందికే చదువొచ్చిన రోజులవి. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆ లెక్క చూసుకునే దాదాపు 20 లక్షల ఇనుప పెట్టెలు చేయించాడు. కాంగ్రెస్‌ది కాడెద్దుల గుర్తు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. మా నల్లగొండలో వాళ్ల అభ్యర్థి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లొచ్చాయని తాత చచ్చేదాకా చెప్పుకున్నాడు. నిజమే చెప్పాడు.

బొమ్మో రంగో చూసి ఎంచుకోవడం అప్పుడే పుట్టిందేమీ కాదు. అంతకుముందే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలో కాంగ్రెస్‌కి పసుపు రంగు పెట్టె ఇచ్చారు. పసుపు పెట్టెకే ఓటంటూ కోస్తా జిల్లాల్లోనూ ప్రచారం సాగింది. మన దగ్గర చార్మినార్ సిగరెట్ పెట్టె కొన్నవాళ్లలో ఎంతమంది దాని మీది అక్షరాలు చదివి కొన్నారు గనక?

ఆ ఇనుప పెట్టెల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. గుర్తు కాగితం పెట్టె పైన అంటించడమే కాదు, లోపల కూడా ఒక చీటీ పెట్టేవారు. పైది చిరిగినా, ఎవడైనా పీకేసినా, లెక్కపెట్టేటప్పుడు లోపలి చీటీని బట్టి ఆ పెట్టె ఎవరిదో తేలుతుంది. ఓటరుకు కనబడేది ఒకటి, లెక్కకు పట్టేది మరొకటి.

ఈ సంగతి మొన్నటిదాకా ఎవరితోనూ చెప్పే అవసరం రాలేదు. పంతులుగా రిటైరై, మా ఊళ్లవాళ్లు సగంమంది ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు చేరినట్టే నేనూ నాదర్‌గుల్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాను. మా అమ్మాయి ఆదిబట్లలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. కాలనీవాళ్లు అడిగితే ఫిర్యాదుల యాప్ ఒకటి కడుతోంది. కోడ్ రాయక్కర్లేదట. కావాల్సిన ముక్కను లాగి తెర మీద పడేయడం, పక్కనున్న పట్టీలో దాని లక్షణాలు నింపడం. అందులో బొమ్మలతో ఆప్షన్లు చూపించే ముక్క ఒకటుంది. నీళ్లు రాలేదు, చెత్త తీయలేదు, వీధి దీపం వెలగట్లేదు, మోరీ పొంగింది... ఏది నొక్కితే ఆ ఫిర్యాదు నమోదవుతుంది. ప్రతి బొమ్మకూ మూడు గళ్లున్నాయి: చిత్రం, కింద కనబడే పేరు, లోపల దాచే విలువ.

"ఈ మూడోదెందుకు నాన్నా, పేరు చాలదా?" అంది. పెట్టె లోపలి చీటీ కథ అప్పుడు చెప్పాను. రేపు బొమ్మ మార్చినా, 'మోరీ' తీసేసి 'డ్రైనేజీ' అని రాసినా, పాత ఫిర్యాదుల లెక్క చెదరకూడదు. కనబడేది ఎన్నిసార్లయినా మార్చుకో, చీటీ జోలికి పోకు అన్నాను.

పెట్టెల పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. తెర వెనక ఎవరూ చూడరు కాబట్టి కొందరు కాగితం పెట్టెలో వేయకుండా బయటికి తెచ్చేవారు, కొందరు పెట్టె మీదే పెట్టి దండం పెట్టుకుని వచ్చేవారు. అభ్యర్థులు పెరిగితే పెట్టెలూ పెరగాలి. 1962 నాటికి పేర్లూ గుర్తులూ ఒకే బ్యాలెట్ మీదికి వచ్చాయి, ఓటరు చేతికి ముద్ర వచ్చింది. పోలింగ్ డ్యూటీ చేసిన మా పంతుళ్లందరం స్వస్తిక్ ముద్ర అనే ఆ బాణాల గుర్తును ఊరికే గీయలేదు. ఓటరు తడి ఆరకముందే కాగితం మడిస్తే సిరా అవతలి గడిలోనూ అంటుతుంది. అలా అంటిన ముద్రలో బాణాలు ఎదురుదిక్కుకు తిరిగి ఉంటాయి. దాన్ని బట్టి అసలు ముద్రేదో, అంటిన మరకేదో కౌంటింగ్‌లో తేల్చుకోవచ్చు. ముందు నిలువుగా మడవండమ్మా, తర్వాత అడ్డంగా అని చెప్పీ చెప్పీ మా గొంతులు పోయేవి.

ఆ గొంతు మరీ పోయింది 1996లో. నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నాయని దుశ్చర్ల సత్యనారాయణ జలసాధన సమితి వందల నామినేషన్లు వేయించింది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ముసలివాళ్లు ఆ పుస్తకం పట్టుకుని తమ గుర్తు కోసం పేజీలు తిప్పుతుంటే వేలు పెట్టి చూపించే అధికారం మాకు లేదు. అప్పటి నియమం ప్రకారం పేర్లన్నీ అక్షర క్రమంలోనే. పెద్ద పార్టీ అయినా, ఎవరికీ తెలియని స్వతంత్రుడైనా వరుసలో ఎక్కడ పడితే అక్కడే. కొడవలి కంకులు ఏ పేజీలో ఉన్నాయో తిప్పి చూసుకోవాల్సిందే. గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం. 477 మందికి డిపాజిట్లు పోయాయి. అయినా దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి విన్నది.

ఆ ఏడాదే చట్టం మారింది. లోక్‌సభకు డిపాజిట్ 10 వేలయింది. వరుస కూడా మారింది: గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు ముందు, రిజిస్టరైన పార్టీలవాళ్లు తర్వాత, స్వతంత్రులు చివర. ఒక్కో గుంపులో మళ్లీ అక్షర క్రమం. ఇది న్యాయమేనా అంటే నాకు ఇప్పటికీ అనుమానమే. మొదటి వరుసలో కూర్చున్నవాడికి లాభం ఉంటుంది. అయితే పుస్తకం తిప్పిన ముసలమ్మలను చూసినవాణ్ని కాబట్టి గట్టిగా వాదించలేను. అమ్మాయి యాప్‌లోనూ ఇదే పేచీ వచ్చింది. ఎక్కువమంది నొక్కే నీళ్లూ చెత్తా పైకి రావాలంటుంది తను. అక్షర క్రమం అంటాను నేను. ఆమెదే గెలిచింది.

2019 నిజామాబాద్ సంగతి అందరికీ తెలిసిందే. పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేయగా 185 మంది మిగిలారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు. అలాంటి యూనిట్లు 12 పక్కపక్కన ఎల్ ఆకారంలో పేర్చారు. ఈవీఎంలు చేసే రెండు సంస్థల్లో ఒకటి మన ఈసీఐఎల్. మీటల పక్కన బ్రెయిలీ అంకెలను మొదట పరీక్షించిందీ మన దగ్గరే, 2004 ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. అందుకే యాప్‌లో ప్రతి బొమ్మకూ ఫోను చదివి వినిపించే మాట రాయమని అమ్మాయి వెంటపడ్డాను.

అసలు చిక్కు బొమ్మలో ఉండదు, పక్క బొమ్మతో వస్తుంది. ఎన్నికల సంఘంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి 1992లో రిటైరైన ఎం.ఎస్. సేఠీ బల్ల, ఫ్యాను, కుట్టుమిషను లాంటి ఇంటి వస్తువులనే పెన్సిల్‌తో గీసి గుర్తులు చేశాడు. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. 2019లో భువనగిరిలో కారు గుర్తు అభ్యర్థి బూర నర్సయ్యగౌడ్ 5,219 ఓట్లతో ఓడిపోయాడు. అక్కడే రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా వచ్చాయి. మీట పక్కన నలుపు తెలుపుల్లో, బొటనవేలంత జాగాలో, రెండూ చక్రాల బండ్లే. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోలర్ దక్కిన అభ్యర్థికి రిటర్నింగ్ అధికారి దాన్ని తీసేసి బేబీ వాకర్ ఇస్తే, ఎన్నికల సంఘం మళ్లీ రోలరే ఇప్పించింది. ఇలా కారును పోలిన గుర్తులు తొలగించాలని కారు గుర్తు పార్టీ సుప్రీంకోర్టుకు వెళితే 2023 అక్టోబరులో కొట్టేశారు, ఓటర్లకు తేడా తెలుసని. తెలుసు, కళ్లజోడు ఇంట్లో మరిచిపోని రోజున.

మా యాప్‌లోనూ అచ్చం ఇదే. నీళ్లకు ట్యాంకర్ బొమ్మ, చెత్తకు బల్దియా బండి బొమ్మ. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉన్నాయి. వాచ్‌మన్ పాత ఫోనులో చూస్తే రెండు లారీలు. నీళ్లు రాలేదని చెప్పబోయి చెత్త నొక్కాడు. ట్యాంకర్ తీసేసి బిందె పెట్టించాను, బండి తీసేసి చెత్తబుట్ట. వరుసకు నాలుగు కాదు, రెండే. ముందుగా దేన్నీ ఎంపిక చేసి ఉంచొద్దన్నాను, ఏ బ్యాలెట్ మీదా ముద్ర కొట్టి ఇవ్వరు కదా. నొక్కాక ఆ బొమ్మ ఒక్కటే పెద్దదై కాసేపు నిలబడుతుంది, వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు కనబడినట్టు. తేడా ఏమిటంటే ఇక్కడ వెనక్కి పోయే వీలుంది.

యాప్‌లో చివరి గడి గురించి ఇంకా తెగలేదు. బ్యాలెట్‌లో ఆ చోట 2013 సుప్రీంకోర్టు తీర్పుతో నోటా (పైవారెవరూ కాదు) వచ్చింది. దానికి గుర్తు మాత్రం 2015లో, అహ్మదాబాద్ ఎన్ఐడీ గీసిచ్చాక వచ్చింది: బ్యాలెట్ కాగితం మీద ఇంటూ. ఆ ఇంటూ మా దగ్గర పనికిరాదు, ఫిర్యాదు రద్దయిందనుకుంటారు. 'ఇవేవీ కాదు' అనే మాటకు అమ్మాయి మూడు చుక్కలు పెట్టింది. మా పక్కింటావిడ అది చూసి వాన పడుతోందా అని అడిగింది. ఇప్పటికి అక్కడ మైకు బొమ్మ పెట్టాం. నొక్కి, నోటితో చెప్పొచ్చు. మొదటి వారంలో వచ్చినవన్నీ కుక్కల గురించే. కాబట్టి వచ్చే వారం కుక్కకొక గడి.