ఉప్పునీటి అక్వేరియంలో కొత్త చేపల జబ్బులు: నిర్ధారణ, చికిత్స

ఉప్పునీటి అక్వేరియంలోకి కొత్తగా చేరిన సముద్రపు చేపకు తొలి వారాల్లో వచ్చే అస్వస్థతలు ప్రధానంగా రెండు రకాలు: నీటి దోషం వల్ల కలిగేవి, పరాన్నజీవుల వల్ల కలిగేవి. రెండింటిలోనూ చేప రొప్పుతుంది, మేత ముట్టదు, మూలకు చేరుతుంది. పైకి ఒకేలా కనిపించే ఈ జబ్బులకు మందులు వేరు కనుక, కారణం తేల్చుకోవడమే చికిత్సలో మొదటి మెట్టు.

స్థానిక పరిస్థితులు

సముద్రానికి దూరంగా, దక్కన్ పీఠభూమిపై ఉన్న హైదరాబాదులో, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల ఇళ్లలో ఈ చేపలను పెంచాలంటే ఆర్వో నీటిలో సముద్ర లవణ మిశ్రమాన్ని కరిగించి, సాపేక్ష సాంద్రతను 1.025 దగ్గరకు తేవాలి. నాగార్జునసాగర్ వైపు నుంచి సాహెబ్‌నగర్ మీదుగా వచ్చే కృష్ణా నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేస్తారు, బోరు నీరు కఠినంగా ఉంటుంది. అందుకే ఈ రెండింటినీ నేరుగా వాడరు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు వేడెక్కిన ఉప్పునీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కాబట్టి, కరెంటు పోయి పంపు ఆగితే జబ్బులేని చేప కూడా రొప్పుతుంది. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది కనుక, తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీటినే పోయాలి.

నిర్ధారణ

మొదట ఉష్ణోగ్రత, లవణీయత, పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్‌లను కొలవాలి. చేప విసర్జించే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా కొత్త తొట్టిలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతకుముందే చేపను వదిలితే మొప్పలు దెబ్బతింటాయి. ప్రయాణంలో ప్లాస్టిక్ సంచిలో పోగైన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను తగ్గించి అమ్మోనియా విషప్రభావాన్ని అణచి ఉంచుతుంది. సంచి విప్పగానే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా ప్రమాదకరమవుతుంది కనుక, విప్పిన సంచిలో చేపను ఎక్కువసేపు ఉంచకూడదు.

నీటిలో లోపం లేదని తేలాక చర్మాన్ని పరిశీలించాలి. ఉప్పు రవ్వల్లాంటి తెల్లని చుక్కలు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి వల్ల వచ్చే తెల్లమచ్చ వ్యాధికి గుర్తు. సన్నని బంగారు పొడి చల్లినట్లుండి, చేప తీవ్రంగా రొప్పుతుంటే అమిలూడినియం ఒసెల్లేటమ్ కారణమని అనుమానించాలి. ఇది మొప్పలను పట్టి, మచ్చలు స్పష్టంగా కనిపించకముందే ప్రాణం తీయగలదు. ముఖ్యంగా క్లౌన్ చేపల ఒంటిపై జిగురు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా హోస్టిలిస్ కావచ్చు. చర్మపు జిగురును సూక్ష్మదర్శినిలో చూస్తే నిర్ధారణ రూఢి అవుతుంది.

చికిత్స

చికిత్సను ఇసుక, రాళ్లు లేని విడి తొట్టిలోనే చేయాలి. ఎందుకంటే పగడపు రాళ్లు రాగిని పీల్చుకుంటాయి, రాగి పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది. తెల్లమచ్చకు, అమిలూడినియానికి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల అయానిక రాగిని రోజూ కొలుస్తూ 3, 4 వారాల పాటు నిలపడం పాత పద్ధతి. రాగి చేపపై ఉన్న పరాన్నజీవిని కాక నీటిలో ఈదే దశను చంపుతుంది. మచ్చలు పోగానే మందు ఆపితే జబ్బు తిరగబెట్టడానికి కారణమిదే. సాంద్రతను క్రమంగా 1.009కు తగ్గించే పద్ధతి తెల్లమచ్చపై పనిచేస్తుంది, అమిలూడినియంపై పనిచేయదు. బ్రూక్లినెల్లాకు రాగి చాలదు. నిపుణుల పర్యవేక్షణలో ఫార్మలిన్ వాడతారు. ఉష్ణోగ్రత, పీహెచ్ సరిపోల్చిన మంచినీటిలో 3 నుంచి 5 నిమిషాలు ముంచడం కొంత ఉపశమనమిస్తుంది కాని జబ్బును పూర్తిగా తీయదు.

నివారణ

క్రిప్టోకారియాన్ తొట్టి అడుగున కట్టే గూళ్లు 72 రోజుల వరకు నిలిచిన సందర్భాలున్నాయి. అందువల్ల జబ్బు సోకిన ప్రధాన తొట్టిని అంతకన్నా కొన్ని రోజులు ఎక్కువగానే చేపలు లేకుండా ఉంచాలి. ఇంత నిరీక్షణ రాకుండా చేసే మార్గం, కొత్త చేపను మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు విడిగా ఉంచి, మేత తీసుకోవడాన్ని, ఊపిరి వేగాన్ని, చర్మాన్ని రోజూ గమనించడం. చేప తన బాధను చెప్పుకోలేదు కనుక, ఆ గమనింపే దానికి అందే తొలి వైద్యం.