పుల్ల ముందు, ఆకు తరవాత

తాండవ నదికి ఈ గట్టున తుని, ఆ గట్టున పాయకరావుపేట. కోస్తాలో తమలపాకు అనగానే ఈ చుట్టుపక్కల ఆకుతోటలే గుర్తుకొస్తాయి. భోజనమయ్యాక ఆకు కొన తుంచి, తొడిమ గిల్లి, ఈనె లాగేసి, వీపున సున్నం రాసి, వక్కపలుకు పెట్టి చిలక చుట్టి అందిస్తారు. ఆ చిలకకు మనవాళ్ళు అప్పజెప్పిన పని ముఖశుద్ధి. ఆచారం చాలా పాతది. తమలపాకును జాజికాయ, కర్పూరం వంటివాటితో కలిపి నోట ఉంచుకోమని చరక సంహిత సూత్రస్థానంలోనే ఉంది. అయితే ఆ అధ్యాయంలోనే, అంతకు కాస్త ముందు, మరో విధి కనిపిస్తుంది: కానుగ వంటి చెట్ల పుల్ల కొన నలగ్గొట్టి, రెండు పూటలా, చిగుళ్ళు నొచ్చకుండా పళ్ళు తోముకోవాలి. రానురాను మర్యాదలన్నీ ఆకుకు దక్కాయి, పందుంపుల్ల పెరటి పనిగా మిగిలింది. నోటి శుద్ధిలో అసలు బరువు పుల్లదేనని, అందులోనూ చిగుళ్ళను గురించిన ఆ చిన్న షరతుదేనని నా వాదన. దానికి సాక్ష్యం గుండెలో దొరుకుతుంది.

1885లో వైద్యుడు విలియం ఆస్లర్ లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఎండోకార్డైటిస్‌ను విశదంగా వర్ణించాడు. గుండె కవాటాల మీద సూక్ష్మజీవులు చేరి గడ్డలు కట్టే జబ్బు ఇది. పెన్సిలిన్ రాకముందు దీని బారినపడి బతికి బయటపడ్డవాళ్ళు బహు అరుదు. కారకుల్లో పెద్ద వాటా నోట్లో కాపురముండే స్ట్రెప్టోకాకస్ రకాలది. 1935లో ఒకెల్, ఇలియట్ అనే ఇద్దరు పన్ను పీకించుకున్న 138 మంది రక్తం పరీక్షిస్తే, నూటికి 61 మందిలో ఆ క్రిములు కనిపించాయి. చిగురు తెగితే అవి నెత్తురులోకి దిగుతాయని స్థిరపడింది.

దిగితే దిగవచ్చు, అంత జోరుగా పారే నెత్తురులో కొట్టుకుపోక ఎలా నిలుస్తాయన్న సందేహం న్యాయమైనదే. జవాబు ఆ జోరులోనే ఉంది. ఎర్రకణాలు నాళం నడిమికి చేరి, తమకంటే చిన్నవైన ప్లేట్‌లెట్లను గోడవైపు నెట్టేస్తాయి, వరదనీరు చెత్తను గట్లకు చేర్చినట్టు. ప్లేట్‌లెట్ పైన గ్లైకోప్రోటీన్ 1బి అనే అణువు ఉంటుంది. నాళం తెగినప్పుడు, ప్రవాహం ఎంత వేగంగా ఉన్నా గాయం దగ్గర ప్లేట్‌లెట్‌ను ఆపడం దాని పని. నోటి క్రిములైన స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, గార్డొనీలు తమ పైపొర ప్రోటీన్లతో ఆ అణువు మీది సియాలిక్ ఆమ్లాన్నే పట్టుకుంటాయి. అంటే గాయం మాన్పడానికి ఉన్న కొక్కేన్ని క్రిమి తన కోసం వాడుకుంటోంది. సూక్ష్మజీవులను పూతగా పరిచిన సన్నని గాజు గదిలోంచి నెత్తురు పారించి చూస్తే, ప్లేట్‌లెట్లు వాటి మీద నెమ్మదిగా దొర్లి, తరవాత అంటుకున్నాయి. ఆ ప్రోటీన్ తీసేసిన గార్డొనీ మీద నిలవలేకపోయాయి. కదలని పరీక్షనాళికలో ఈ దొర్లడం కంటికి చిక్కదు. నిలిచిన ప్లేట్‌లెట్ ఇతర ప్లేట్‌లెట్లను పిలుస్తుంది, ఫైబ్రిన్ అనే పోగులు అల్లుకుంటాయి, తెల్లకణాలు చొరలేని ఆ ముద్దలో క్రిమి క్షేమంగా ఉంటుంది. సాధారణంగా వారాల తరబడి మందు నరంలోకి ఎక్కించవలసి రావడం అందుకే.

అలాగైతే పళ్ళు తోముకునే ప్రతివారికీ ఈ జబ్బు రావాలి కదా? రాదు. నున్నని కవాటం మీద పట్టు దొరకదు. చిన్నతనంలో గొంతునొప్పి తరవాత వచ్చే రుమాటిక్ జ్వరం కవాటాన్ని గీరుకుపోయేలా చేస్తే, అక్కడ ముందే ప్లేట్‌లెట్లు చేరి ఉంటాయి. మన దేశంలో అలాంటి గుండెలు ఇంకా ఉన్నాయి. పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఇవ్వడాన్ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో అత్యధిక ప్రమాదం ఉన్న గుండెలకే పరిమితం చేసింది. ఎప్పుడో ఒకసారి పీకించుకునే పన్నుకంటే, రోజూ నమలడం, తోమడం వల్లే క్రిములు ఎక్కువసార్లు నెత్తురులోకి దిగుతాయన్నది అందుకు ఒక కారణం. చిగుళ్ళు వాచి ఉంటే ఆ దారి మరీ సులువు.

తమలపాకు క్రిములను చంపుతుంది కదా అని తాంబూల పక్షం వాదిస్తుంది. ఆకు రసానికి ఆ గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలినమాట నిజమే. కానీ నమిలేది కాసేపు. చిగుళ్ళ కింద గట్టిపడిన గార దాకా ఆ రసం చేరదు. పైగా ఆకు ఒంటరిగా రాదు. పొగాకు కలపకపోయినా వక్క, సున్నంతో నమిలే తాంబూలం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించింది. ఆ తప్పు తుని ఆకుది కాదు, పండించిన రైతుది అంతకన్నా కాదు. అయినా వక్క, సున్నం తీసేసి ఉత్త ఆకే నమిలినా, కవాటం దెబ్బతిన్న మనిషి పళ్ళ గార అలాగే ఉంటుంది. దాన్ని దంతవైద్యుడు గీకి తీయవలసిందే.