చోడిలో అగ్గితెగులు నిరోధక రకాలు

చోడి పైరులో అగ్గితెగులును తట్టుకొంటూనే మంచి దిగుబడినిచ్చే రకాలను రూపొందించే పరిశోధన ఉత్తరాంధ్రలో ప్రధానంగా విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానంలో జరుగుచున్నది. ఇది ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది. ఇతర ప్రాంతాలలో రాగులు అనబడే ధాన్యాన్నే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చోళ్ళు అంటారు. దీని శాస్త్రీయ నామం ఎల్యుసిన్ కొరకానా.

తెగులు లక్షణాలు

పైరిక్యులేరియా అనే శిలీంధ్రం ఈ తెగులుకు కారణం. నారుమడి మొదలు గింజ పాలుపోసుకొనే వరకు ఏ దశలోనైనా సోకవచ్చును. ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు ఏర్పడతాయి. అంతకంటె ప్రమాదకరమైనది కంకి మెడకు సోకే తెగులు. మెడ నల్లబడితే గింజకు ఆహారం అందదు. కంకి విరిగి వ్రేలాడుతుంది, గింజలు తాలుపోతాయి. కంకిలోని వేళ్ళకు కూడా ఇది వ్యాపిస్తుంది. ఆకుపై తెగులును తట్టుకొన్న మొక్క మెడపై కూడా తట్టుకొంటుందన్న హామీ లేదు. కనుక ఆకు, మెడ, వేళ్ళు మూడింటినీ విడివిడిగా పరిశీలిస్తారు.

రూపకల్పనలో చిక్కులు

పునాసలో చోడి వేసే రైతుకు త్వరగా కోతకు వచ్చే రకం కావాలి. విజయనగరంలో రూపొందిన చంపావతి (వి.ఆర్.708) 80-85 రోజులలోనే పండుతుంది. అయితే ఇది అగ్గితెగులుకు ఎంత సులువుగా లొంగుతుందంటే, పరిశోధకులు తమ పరీక్షలలో తెగులు సోకే రకానికి నమూనాగా దీనినే నాటుతూ వచ్చారు. రైతుకు నచ్చిన గుణమూ, శిలీంధ్రానికి అనువైన గుణమూ ఒకే మొక్కలో ఉండటమే అసలు చిక్కు.

నిరోధక గుణం కొంతవరకు ఆఫ్రికా వంగడాల నుండి లభించినది. బెంగుళూరులో రూపొందిన జి.పి.యు.28 రకానికి ఆఫ్రికా మూలమైన ఐ.ఇ.1012 ఒక పూర్వీకం. కానీ సంకరం చేయుట తేలిక కాదు. చోడి పువ్వులు అతి చిన్నవి, పైగా స్వపరాగ సంపర్కం జరుపుకొనేవి. ఒక్కొక్క పువ్వు నుండి పుప్పొడి తిత్తులను తీసివేయుట మిక్కిలి ఓపికతో కూడిన పని.

తరువాతి తరాల మొక్కలను తెగులు మడిలో పెంచుతారు. చుట్టూ తెగులుకు లోనయ్యే రకాన్ని వరుసలుగా నాటి, శిలీంధ్రం సహజంగా వ్యాపించేట్లు చూస్తారు. కేవలం ఈ మడిలో నిలిచిన వాటినే ఏరితే, ఆలస్యంగా పండేవీ పడిపోయేవీ మిగలవచ్చును. తెగులు లేని పొలంలో మాత్రమే ఏరితే నిరోధకత జారిపోతుంది. అందుచేత రెండు చోట్లా నెగ్గినదే ముందుకు పోతుంది.

ముఖ్యమైన రకాలు

అరకులోయ మెట్టచోడి నుండి ఏరిన గోదావరి (పి.ఆర్.202) చాలాకాలం ప్రామాణిక రకంగా ఉన్నది. 2009లో విడుదలైన శ్రీ చైతన్య (వి.ఆర్.847) అగ్గితెగులును తట్టుకొంటుంది, కానీ పంటకాలం 110-120 రోజులు. అంటే చంపావతి కంటె సుమారు నెల రోజులు ఎక్కువ.